సిద్దక్కను నేను చంపలేదు

నేను చనిపోయిన సంగతి నాకు ఒక ఆదివారం సాయంత్రం ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. పంపింది లత. కళ్యాణదుర్గంలో నేను లెక్కలు చెప్పే ప్రైవేటు బడిలోనే ఆమె ఇంగ్లీషు చెబుతుంది. ఏడ్చిన గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"అక్కా, ఈపొద్దు సిద్దక్క సచ్చిపోయింది. వంతెన మీద తానొక్కతే నిలబడి మమ్మల్నందర్నీ దాటించింది. సుధాకర్ సార్ ఎంత బాగా చెప్పినాడో తెలుసా? అందరం ఏడ్చినాం."

సిద్దక్క ఒక ఆటలో నా పాత్ర. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట అది. ఒకరు కథ నడుపుతారు. రాజ్యం, రాక్షసులు, గాలివాన అన్నీ ఆయన నోటి నుంచే వస్తాయి. మిగతావాళ్ళకు తలా ఒక పాత్ర. ఏం చేయాలో మనం చెప్పాలి, అది జరుగుతుందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. లత తమ్ముడు బెంగళూరు నుంచి రూల్‌బుక్కు తెచ్చిచ్చాడు. పాచికలు నేను కొన్నాను. సైన్సు చెప్పే సుధాకర్ సార్ కథ నడిపేవాడు. లత, కంప్యూటరు సారు మనోహర్, నేను ఆడేవాళ్ళం. మేఘాలను కోటలో బంధించి తాళాలు వేసిన రాజు ఒకడు, ఆ తాళాలు విప్పడానికి బయల్దేరిన ముగ్గురు. నా సిద్దక్క దొంగ. ఆమె చేతికి లొంగని తాళం లేదు. కొన్నేళ్ళుగా ఆదివారాలన్నీ స్టాఫ్‌రూములో అలాగే గడిచాయి.

ఆ మెసేజ్ వచ్చేనాటికి నేను చెక్కమంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. వెన్నెముకలో క్షయ. కూర్చోకూడదు. పక్కకు తిరగాలన్నా ఇద్దరు పట్టుకుని దుంగను దొర్లించినట్టు తిప్పాలి. బడికీ మా ఇంటికీ మధ్య రెండు వీధులు. నాతో ఆడిన ఆ ముగ్గురిలో ఒక్కరూ ఆ రెండు వీధులూ దాటి రాలేదు. కాగితం మీది మనిషి కోసం మాత్రం ఏడ్చారట.

ఇప్పుడు నడుస్తున్నాను. ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను. తగ్గని వెన్నునొప్పితో తిరుగుతున్నవాళ్ళు ఎవరైనా చదువుతారేమో అన్న ఆశ కూడా ఉంది.

బడి తెరిచిన జూన్

సెలవులు అయిపోయి బడి తెరిచిన వారంలో మొదలైంది. వీపు మధ్యలో, ఎవరో బొటనవేలు పెట్టి నొక్కిపట్టినట్టు. మొదట్లో సాయంత్రాలు మాత్రమే. తర్వాత బోర్డు మీద పై వరస రాయడానికి చేయి ఎత్తితే చాలు, ఊపిరి ఆగేది. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. తెల్లారి చెమటకు దిండు తడిసి ఉండేది. చీర కుచ్చిళ్ళు నిలవనంత చిక్కిపోయాను. స్టాఫ్‌రూములో అందరూ మెచ్చుకున్నారు.

"ఏం తింటాండావు మేడమ్, ఇంత సన్నగా అయిపోయినావు? మాకూ చెప్పొచ్చు కదా," అన్నాడు సుధాకర్ సార్.

కళ్యాణదుర్గంలో ఒక డాక్టరు గ్యాసు అన్నాడు. ఇంజెక్షన్ వేస్తే రెండు రోజులు తగ్గింది. మళ్ళీ వెళితే మళ్ళీ ఇంజెక్షన్. దసరా సెలవుల్లో నా భర్త ఖాదర్ తన మోటారు వైండింగ్ షాపు మూసేసి నన్ను అనంతపురంలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. బస్సులో కూర్చోలేక దారి పొడుగునా నిలబడే వెళ్ళాను. ఆ డాక్టరు నా వీపు తాకి కూడా చూడలేదు. "టీచరు కదా, నిలబడే పని. బరువులెత్తాకండి," అని చీటీ రాసిచ్చాడు.

మూడో ఆయన పెద్ద డాక్టరు. ఆయన గది బయట ఇనుప కుర్చీలన్నీ ఒకదానికొకటి బిగించి ఉంటాయి. పక్కవాళ్ళు కదిలితే మన వెన్నులోకి ఆ కుదుపు వస్తుంది. ఒక పూటంతా ఆ కుదుపులు భరించి లోపలికి వెళితే, ఆయన అడిగిన మొదటి ప్రశ్న పిల్లలున్నారా అని. లేరన్నాను.

"అదే. ఆ దిగులే ఇట్ల నొప్పిగా బయటికి వస్తాది. నొప్పి మనసులో ఉండాదమ్మా."

నేను వేలు పెట్టి చూపించాను. ఇక్కడ, సార్, ఈ ఎముక మీద. ఆయన నా వేలి వైపు చూడలేదు. ఖాదర్ వైపు తిరిగి, "కొంచెం బయట తిప్పండి. పుట్టపర్తికో యాడికో తీసుకుపోండి. మనసు కుదుటపడుతుంది," అన్నాడు.

జ్వరం గురించి ఒక్కరూ అడగలేదు. చెప్పబోతే వినలేదు. ముగ్గురు చదువుకున్న మగవాళ్ళు నా ఎముక కరిగిపోతుంటే ఒకరు గ్యాసనీ, ఒకరు నిలబడడమనీ, ఒకరు పిల్లలు లేకపోవడమనీ అన్నారు. మూడో ఆయన మాట విని ఇంటికొచ్చాక, ఒక నెలంతా నేను కూడా అనుమానపడ్డాను, నిజంగానే ఊహించుకుంటున్నానా అని. ఆ నెల మీదే నాకు అన్నిటికంటే కోపం. ఎముక పోతే పోయింది. నా ఒంటి మాట నేనే నమ్మకుండా చేశారు.

అర్ధ సంవత్సర పరీక్షల తర్వాత

తొమ్మిదో తరగతిలో దిద్దిన పేపర్లు పంచుతున్నాను. బల్లల మధ్య నడుస్తుంటే కాళ్ళు నావి కాకుండా పోయాయి. జారలేదు, కాలు దేనికీ తట్టుకోలేదు. నడుము కింద ఎవరో తీగ తెంపినట్టు అయింది. పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. కింద బండల చల్లదనం చెంపకు తెలుస్తోంది, కాళ్ళకు తెలియడం లేదు.

అనంతపురం పెద్దాసుపత్రిలో స్కానింగు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. స్ట్రెచర్లు ఖాళీ లేవు. ఖాదర్ నన్ను రెండు చేతులా ఎత్తుకుని హాల్లో నిలబడ్డాడు. దించమంటే దించడం లేదు. వజ్రకరూరు దగ్గర ఏదో పల్లె నుంచి భార్యను చూపించడానికి వచ్చిన ఒక పెద్దాయన అది చూశాడు. తలకున్న తువ్వాలు విప్పి గోడ పక్కన బండల మీద పరిచాడు.

"ఈడ పండబెట్టప్పా ఆ పాపను. నీ నంబరు పిలిస్తే నేను చెప్తా. నువ్వు పోయి నీళ్ళు తాగు, మొగం సూడు ఎట్లుండాదో."

ఎవరైనా తొక్కుతారేమోనని ఆయన నా తల దగ్గర కూర్చుని అడ్డంగా కాళ్ళు చాపాడు. మాటల్లో పెట్టాడు. తొలకరి పడితే తాను ప్రతి ఏడూ చేలల్లో వజ్రాలు వెతుకుతాడట. ఎప్పుడైనా దొరికిందా అని అడిగాను.

"ఇన్నేండ్లలో ఒక్కటీ దొరకల్యా తల్లీ. అయినా కండ్లు కిందికే పోతాయి, ఏం జేసేది?"

నేను నవ్వాను. నవ్వితే వెన్నులో పొడిచింది. ఆయన పేరు అడగలేదు. ఆ తువ్వాలు తిరిగి ఇవ్వడం కూడా మరిచిపోయాం.

స్కానింగు చూసిన చిన్న డాక్టరు అన్న మాట ఇది. "రెండు ఎముకలు తినేసింది. ఇన్ని నెలలు ఏం చేస్తాండారమ్మా?"

నేనేం చేస్తున్నాను! పడుకునే అరిచాను. ఎక్కడెక్కడ తిరిగానో, ఎవరేమన్నారో హాలంతా వినేలా చెప్పాను. నర్సు వచ్చి గమ్మునుండమంది. ఆ చిన్న డాక్టరు మాత్రం నిలబడి మొత్తం విన్నాడు. "తప్పు నాదేనమ్మా, అట్ల అడగకూడదు," అన్నాడు. ఆ ఏడాదిలో ఒక డాక్టరు నోట తప్పు అన్న మాట వినడం అదొక్కసారే.

మందులతోనే జబ్బు కరిగిపోవచ్చు, ఆపరేషన్ లేకుండానే కాళ్ళు రావచ్చు, రాకపోవచ్చు కూడా అన్నారు. ఏడాదికి పైగా మాత్రలు. మొదటి నెలలు కదలకుండా పడుకోవాలి. ఒక సంగతి ఖాదర్‌తో నొక్కి చెప్పారు. జబ్బు ఎముకలో ఉంది, ఊపిరితిత్తుల్లో లేదు. దగ్గితే, తాకితే, కలిసి తింటే అంటుకునేది కాదు.

ఆ మాట అలాగే సుధాకర్ సార్‌కు ఫోన్‌లో చెప్పాను. "సరే మేడమ్, రెస్ట్ తీసుకోండి. వస్తాం," అన్నాడు. మర్నాడు కరస్పాండెంట్ ఫోన్ చేశాడు.

"పేరెంట్స్ ఏమనుకుంటారో కదమ్మా. మీరే రాజీనామా పంపితే మర్యాదగా ఉంటాది."

నా జబ్బు ఏమిటో నేను ఒక్కరికే చెప్పాను. ఆయన బడిలో సైన్సు చెబుతాడు. క్షయ ఎలా వస్తుంది, ఎలా రాదు అన్న పాఠం పదో తరగతికి ఏటా ఆయనే చెబుతాడు.

చెక్కమంచం

పైకప్పు చూస్తూ బతకడం ఏమిటో పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది. మాత్రలు వేసుకున్న గంటకు కడుపులో తిప్పేది. మూత్రం నారింజ రంగులో వచ్చేది. అది మందు రంగేనని చెప్పి ఉన్నా మొదటిసారి చూసి రక్తమనుకుని ఏడ్చాను. మంచం మీదే అన్నీ. మా అత్త హుసేనమ్మ తీసిపారేసేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు. "ఈ వయసులో నాకు చేయవలసినోళ్ళకు నేను చేస్తాండా," అని గోడవతల పక్కింటివాళ్ళకు వినిపించేది. నాకూ వినిపించేది. ఖాదర్ మా ఇద్దరి మధ్యా నలిగి, షాపులో మోటార్ల దగ్గరే ఎక్కువసేపు ఉండిపోవడం మొదలుపెట్టాడు. ఒకరినొకరం ప్రేమగా చూసుకున్నాం అని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ ఇంట్లో ముగ్గురం మూడు మూలల నుంచి పళ్ళు కొరుక్కున్నాం.

అప్పుడు వచ్చింది లత మెసేజ్.

ఆట నియమం ప్రకారం కూడా అది తప్పే. ఒకరి పాత్రను, ఆ మనిషి లేనప్పుడు, ఆ మనిషి చేత పాచిక వేయించకుండా చంపకూడదు. నేను తిరిగి రానని వాళ్ళు తేల్చేసుకున్నారు. ఖాళీ కుర్చీ చూస్తూ ఆడడం ఇబ్బందైంది. నన్ను త్యాగమూర్తిని చేసి సాగనంపారు. బతికున్న షాహీన్‌తో, అంటే నాతో, వేగడం కంటే చచ్చిపోయిన సిద్దక్క కోసం ఏడవడం సులువు.

ఖాదర్ రాగానే చెప్పాను. "ఇదో, బడికి పోయి స్టాఫ్‌రూములో నా పాచికలుండాయి, రూల్‌బుక్కు ఉండాది. తీసుకొనిరా. పాచికలు నావి. బుక్కు చదివి ఇచ్చేస్తానని చెప్పు."

"ఒక్కదానివి ఎవరితో ఆడతావు?"

"ఎవరితోనూ కాదు."

ఖాదర్ వెళ్ళి తెచ్చాడు. తర్వాత చెప్పాడు, సుధాకర్ సార్ పాచికల డబ్బాను చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాడని.

రంజాన్ నెల

నలుగురి కోసం చేసిన ఆటను ఒక్కరు ఆడడం కుదరని పని. మొదటి చిక్కు, కథ చెప్పేదీ నేనే, ఆడేదీ నేనే. తలుపు వెనక ఏముందో నాకు ముందే తెలుసు. ఇక భయం ఎక్కడిది? మొదటి రోజు నేను చేసిన పని మరీ ఘోరం. వంతెన దాటి వెళ్ళిన వాళ్ళందరినీ పాముల గుంటలో పడేశాను. హాయిగా ఉండింది. మర్నాడు మళ్ళీ పడేశాను. ఈసారి అంత హాయిగా లేదు. వాళ్ళు చావడానికి నా ఇష్టం తప్ప వేరే కారణమే లేదు. సుధాకర్ సార్ సిద్దక్కకు చేసిందీ అదే కదా అని ఒళ్ళు మండింది. కథ నడిపేవాడి ఇష్టం ఒక్కటే చాలదు, జవాబు నా చేతిలో లేని చోటు నుంచి రావాలి.

అందుకని పేకముక్కలు తెప్పించాను. ఒక్కో ముక్కకు ఒక్కో సంఘటన అనుకుని రాసుకున్నాను. అత్త చూసింది.

"రంజాన్ నెలలో ఇంట్లో పేకముక్కలా? ఏమ్మే, సిగ్గుండాదా?"

"నేను రోజా ఉండలేను, నమాజుకు వంగలేను. కూసోను కూడా లేను. ఇదొక్కటీ వద్దంటావా అత్తా? అయితే ఈ మంచంతోనే తీసకపోయి పూడ్చిపెట్టు!"

అత్త పేకముక్కలు తీసుకుని విసురుగా వెళ్ళిపోయింది. పెరట్లో ఏదో రాయి మీద అరగదీస్తున్న శబ్దం చాలాసేపు వినిపించింది. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక వచ్చి నా పక్కన ఒక స్టీలు పళ్ళెం పెట్టింది. అందులో నాలుగు చింతపిక్కలు. ఒక వైపు నల్లగా, అరగదీసిన వైపు తెల్లగా.

"మా యమ్మోళ్ళు పచ్చీసు ఆడింది వీటితోనే. పేకలు మాత్రం వద్దు," అంది.

నా ఆట ఆ పిక్కలతో నిలబడింది. ప్రశ్న అవును, లేదు అని జవాబొచ్చేలా అడగాలి. నాలుగూ తెల్లగా పడితే అవును, అడిగినదానికంటే ఎక్కువ. మూడైతే మామూలు అవును. రెండైతే అవును గానీ ఒక చిక్కు. ఒకటే తెలుపైతే లేదు. అన్నీ నలుపైతే లేదు, పైగా కొత్త ముప్పు. ఒకసారి అడిగిన ప్రశ్న మళ్ళీ అడగకూడదు. ఆ నియమం లేకపోతే నచ్చే జవాబు వచ్చేదాకా వేస్తూనే ఉంటాను, నా సంగతి నాకు తెలుసు.

మొదటి ప్రశ్న నెమ్మదిగా, పైకి అడిగాను. వంతెన మీంచి పడిన సిద్దక్క బతికే ఉందా?

రెండు తెలుపు, రెండు నలుపు. బతికే ఉంది, కానీ. కానీ ఏమిటి? చేతులు విరిగాయా? లేదు. చూపు పోయిందా? లేదు. కాళ్ళా?

నాలుగూ తెల్లగా పడ్డాయి.

పళ్ళెం విసిరికొట్టాను. ఆ చప్పుడుకు అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైనాదే?"

"కాళ్ళు పోయినాయి!"

అత్త వంగి నా పాదాలు రెండు చేతులా పట్టుకుంది. "కదిలించు. కదిలించు తల్లీ, సూస్తా." నేను వేళ్ళు కదిలించాను. కొంచెమే, కానీ కదిలాయి. "కదుల్తాండాయి కదే! ప్రాణం పోయినంత పనైంది."

"నావి కాదత్తా. సిద్దక్కవి."

"యా సిద్దక్క?"

చెప్పాల్సి వచ్చింది. కోట, తాళాలు, వంతెన, లత మెసేజ్, అన్నీ. అత్త నా కాళ్ళు వదలకుండా మంచం అంచున కూర్చుని విన్నది. మధ్యలో నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అయితే ఆయమ్మ పడితే వాళ్ళు కిందికి తొంగి కూడా సూడల్యా? దేహాన్ని ఎతకల్యా?"

"ల్యా."

"ఎట్లాంటి మనుషులే!" అంది అత్త. మళ్ళీ, "ఇప్పుడు యాడికి పోతాది, కాళ్ళు లేకుండా?" అంది.

అప్పటిదాకా పళ్ళ మధ్య నొక్కిపట్టిన ఏడుపు బయటికొచ్చింది. అత్త పిక్కలు ఏరి పళ్ళెంలో వేసి, ఒకటి మంచం కింద దొరక్కపోతే చీపురుతో తోసి మరీ తీసింది.

ఎండాకాలం

రెండో చిక్కు యుద్ధాలు. ముగ్గురు వీరులు కలిసి ఎదుర్కోవడానికి రాసిన రాక్షసుల ముందు, కాళ్ళు లేని ఒక్క దొంగ రెండు దెబ్బలకు మించి నిలవదు. రూల్‌బుక్కు ఛాతీ మీద పెట్టుకుని, చేతులు నొప్పి పుట్టేదాకా ఎత్తి పట్టుకుని చదివేదాన్ని. శత్రువు ఒకసారి కదిలేలోపు సిద్దక్క రెండుసార్లు కదలవచ్చు అని మార్చాను. రాక్షసుడు ఎవరి మీద పడతాడో, ఎప్పుడు పారిపోతాడో యుద్ధానికి ముందే తేల్చుకోవాలి, లేకపోతే మధ్యలో నా మీద నేనే జాలిపడతాను. తప్పించుకోవడం కూడా గెలుపే. అది అన్నిటికంటే పెద్ద మార్పు. ఆ బుక్కు రాసినవాళ్ళు బలమున్నవాళ్ళ గురించి రాశారు. చంపితేనే ఫలితం. పాకుతూ, తలుపు కింది సందులోంచి దూరి, కాపలావాడి కాళ్ళ మధ్య నుంచి బయటపడేదానికి అందులో లెక్కే లేదు. నేను లెక్క పెట్టాను.

అలసిపోతే కష్టం మొదలైన చోటే ఆపేదాన్ని. అలా ఆపితే రేపటికి ఒక పని ఉంటుంది. కాళ్ళు వస్తాయో రావో తెలియని మనిషికి రేపు ఒక పని ఉండడం ఎంత అవసరమో ఏ డాక్టరూ చెప్పలేదు.

అత్త ఆడలేదు. కానీ అన్నం తినిపిస్తూ అడిగేది. "ఈపొద్దు ఆయమ్మ యాడుండాది?" ఉప్పు గిడ్డంగిలో దాక్కుందనో, కాపలావాళ్ళు కుక్కలను వదిలారనో చెప్పేదాన్ని. "కారంపొడి సల్లమను," అనేది. సిద్దక్క దగ్గర కారం ఉందా అని అడిగితే పిక్కలు అవునన్నాయి. ఆ రాత్రి ఖాదర్‌కు మా అత్తే ఆ యుద్ధం మొత్తం చెప్పింది. ఆయన నవ్వడం చాలా నెలల తర్వాత విన్నాను. మర్నాడు షాపు నుంచి రాగి తీగ తెచ్చి, పాచికలు మంచం కిందికి దొర్లిపోకుండా పళ్ళెం చుట్టూ గోడలా అల్లిచ్చాడు.

జబ్బు నాకు మంచే చేసిందని, నన్ను బలంగా చేసిందని చెబుతున్నానని అనుకోవద్దు. ఫోన్‌లో అలాంటి మాటలు చాలామంది చెప్పారు. నువ్వు యోధురాలివి, పాజిటివ్‌గా ఉండు. ఇంటికి రాని ప్రతి మనిషీ నన్ను యోధురాలిని చేశాడు. నాకు యోధురాలి పదవి వద్దు. మొదటి డాక్టరు వీపు మీద చేయి వేసి, జ్వరం వస్తుందా అని అడిగి ఉంటే చాలు. వెన్నునొప్పి వారాల తరబడి తగ్గకపోతే, సాయంత్రం ఒళ్ళు వెచ్చబడుతుంటే, కారణం లేకుండా చిక్కిపోతుంటే, ఎవరేం అన్నా పరీక్ష చేయించమని గట్టిగా అడగండి. మర్యాద తప్పినా ఫరవాలేదు. నేను మర్యాదగా ఉండి రెండు ఎముకలు పోగొట్టుకున్నాను.

విత్తనాల వాన

నడుముకు గట్టి బెల్టు కట్టి మొదటిసారి నిలబెట్టినప్పుడు గది మొత్తం తిరిగింది. ఖాదర్ ఒక వైపు, అత్త ఒక వైపు. గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను. తర్వాత వాకిలి. వాన పడి ఊరంతా వేరుశనగ విత్తనాలకు పరుగెత్తుతున్న రోజుల్లో, వీధి చివరి దాకా ఎవరి చేయీ పట్టుకోకుండా నడిచాను.

ఆటలో సిద్దక్కకు కాళ్ళు రాలేదు. వస్తాయా అని ఒకసారి అడిగాను, పిక్కలు లేదన్నాయి, రెండోసారి అడగకూడదు. ఆమెకు ఒక చిన్న బండి దొరికింది. దాని మీదే కోట మొదటి తాళం విప్పింది.

నేను నడుస్తున్నానని ఊళ్ళో తెలిశాక సుధాకర్ సార్, లత వచ్చారు. అరటిపండ్లు తెచ్చారు. లత వాకిట్లోనే కళ్ళు తుడుచుకుంది. సుధాకర్ సార్ తలుపు దగ్గరి కుర్చీలో, తలుపుకు వీలైనంత దగ్గరగా కూర్చున్నాడు.

"బడి తెరిచినాక వచ్చి ఆటలో చేరండి మేడమ్. సిద్దక్కను బతికించేస్తాం. బుక్కులో మంత్రం ఉండాది," అన్నాడు.

"ఆయమ్మ సావనేలేదు సార్. మీరు కిందికి సూడల్యా, అంతే."

ఆయనకు అర్థం కాలేదు. లతకు అయింది. తల దించుకుంది.

"మాకూ చిన్నపిల్లలుండారు కదా మేడమ్," అన్నాడాయన నెమ్మదిగా. "అంటుకోదని మీరు చెప్పినారు, నిజమే. అయినా మనసు ఒప్పుకోల్యా."

"అది మీరు బడిలో చెప్పే పాఠం సార్. మనసు ఒప్పుకోని పాఠం పిల్లలకు ఎట్ల చెప్తాండారు? పోనీ, నన్ను సంపేటప్పుడు మనసు ఎట్ల ఒప్పుకొనింది? కరస్పాండెంటుకు చెప్పేటప్పుడు?"

గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు. లత, "తప్పయిపోయిందక్కా, రావాల్సింది," అంది. ఫరవాలేదులే అని నేను అనలేదు. ఫరవా ఉంది. ఇంకా చాలా రోజులు ఉంటుంది. లత ఆ తర్వాత కూడా ఒక్కతే వచ్చింది, వస్తూనే ఉంది. అది వేరే సంగతి.

అత్త టీ తెచ్చింది. మామూలు గాజు గ్లాసులే. లత ఒక్క క్షణం ఆగి తీసుకుని తాగింది. సుధాకర్ సార్, "ఇప్పుడే తాగొచ్చినామమ్మా," అన్నాడు. లత ఆయన వైపు చూసింది. ఇద్దరూ వచ్చింది కలిసే.

"జబ్బు ఎముకలో ఉండాది సార్. గ్లాసులో ల్యా," అన్నాను.

"అయ్యో, అదేం కాదు మేడమ్," అని నవ్వాడు. గ్లాసు తాకలేదు.

ఆ గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. మా అత్త గోడకు ఆనుకుని ఆ గ్లాసునే చూస్తూ నిలబడింది. ఉన్నట్టుండి వచ్చి ఆయన ముందు నేల మీద చతికిలబడింది. గ్లాసు తీసుకుంది. తొందరపడకుండా, ఆయన కళ్ళలోకి చూస్తూ, చల్లారిపోయిన టీ చివరి బొట్టు దాకా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసును ఆయన కాళ్ళ ముందు బోర్లించింది.

"పోయిరాప్పా," అంది. "పిల్లలుండారంటివి కదా, ఎదురుసూస్తాంటారు."